పొగబండి కన్న ఊళ్ళు – ఖరగ్‌పూరు, నైరోబీ

నైరోబీ నగరానికి పోయే యాత్రికులలో అధికులు సింహాలను చూడడానికి పోతారు. 1946లో ఏర్పడిన అభయారణ్యం ఊరి పొలిమేరను ఆనుకొని ఉన్నందున, దూరాన మేడల వరుస కనిపిస్తూ ఉండగా జిరాఫీలు చెట్ల కొనలు మేయడం అక్కడ వింత కాదు. నేను మాత్రం ఆ నగరంలో అడుగుపెట్టిన మరునాటి ఉదయాన మొట్టమొదట రైలు స్టేషనుకు పోయినాను. ఈ సంగతి విన్న మిత్రులు నవ్వినారు. కాని ఖరగ్‌పూరు రైల్వే క్వార్టర్లలో పుట్టి, కార్ఖానా కూతతో నిద్ర లేచి, ఆ కూతతోనే పలక సర్దుకొని బడికి పోయినవాడు ఏ దేశం పోయినా ముందు స్టేషను ఎక్కడని అడుగుతాడు. ఆ అలవాటు మాన్పడం కష్టం.

పాత స్టేషనుకు సమీపంలో 1971లో నెలకొల్పిన రైల్వే మ్యూజియం ఉన్నది. ఆరుబయట పట్టాల మీద ఆవిరి యంజిన్లు తుప్పు, నూనె, ఎండ కలిసిన వాసనతో నిలిచి ఉన్నవి. ఆ వాసన నాకు పరదేశపు వాసనగా తోచలేదు. లోపల పాత ఛాయాచిత్రాలలో తలపాగాలు చుట్టుకొన్న భారతీయులు పట్టాల ప్రక్కన వరుసగా నిలబడి ఉన్నారు. ఒక్కరి పేరు కూడ క్రింద వ్రాసి లేదు. అటువంటి పటమే మా ఇంటి గోడ మీద కూడ ఉండేది. పలాస దగ్గరి పల్లె నుండి మేస్త్రీ వెంట వచ్చిన మా తాతగారు, తోడి కూలీల నడుమ, కళ్ళు చిట్లించుకొని నిలబడిన పటమది. మా ఇంట ఆయనను గుర్తుపట్టేవారు ఉన్నందున ఆ పటంలో ఒక్కరికి పేరున్నది, తక్కినవారికి లేదు. ఈ రెండు పటాల పోలికయే ఈ వ్యాసానికి మూలం.

ఖరగ్‌పూరు, నైరోబీ కవల పిల్లల వంటివి. ఇంచుమించు ఒక్క కాలంలో, ఒక్క అవసరం నుండి పుట్టినవి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పడమట నాగపూరు నుండి, దక్షిణాన కటకం నుండి వచ్చే దారులను కలకత్తాకు చేర్చవలసి వచ్చినప్పుడు, మేదినీపురం జిల్లాలోని ఎర్రమట్టి మెరక ఒకటి వారి కంటబడినది. ఇందా అనే చోట ఖడ్గేశ్వరుని ఆలయం ఉన్నది. ఊరి పేరు ఆ దేవుని వలననే వచ్చినదని పెద్దలు చెబుతారు. 1898–99 ప్రాంతాన అక్కడ జంక్షను వెలసినది. 1900లో కోలాఘాట్ వద్ద రూప్‌నారాయణ నది మీద వంతెన పూర్తి కాగా హౌరాకు నేరుగా దారి ఏర్పడినది. ఆ వెనుక కార్ఖానా, కార్ఖానా చుట్టూ క్వార్టర్లు, క్వార్టర్ల అంచున గోల్ బజారు పుట్టినవి.

బెంగాలులో పుట్టిన ఈ ఊరికి తెలుగువారు ఎట్లు వచ్చినారు? సమాధానం పట్టాలలోనే ఉన్నది. విజయవాడ నుండి కటకం దాకా సముద్రతీరం వెంబడి 1893–96 మధ్య రైలు మార్గం పడినది. 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన లేచినది. ఈ మార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ కంపెనీ వశమైనది. అంటే విశాఖపట్టణం, విజయనగరం, శ్రీకాకుళం, బరంపురం ప్రాంతాలకు రైల్వే దొరతనం అన్న మాటకు అర్థం మద్రాసు కాక బి.ఎన్.ఆర్. అయినది. ఆ కంపెనీ పెద్ద కార్ఖానా ఖరగ్‌పూరులో ఉన్నది. 1896–97 నాటి కరవు ఇంకా మనస్సులో పచ్చిగా ఉన్న పల్లెలకు, నెల నెలా జీతమిచ్చే కొలువు ఒకటి రాత్రి ప్రయాణపు దూరంలో కనిపించినది. ఒకడు పోయినాడు, వాని వెంట బావమరది పోయినాడు, వాని వెంట ఊరు పోయినది. నింపురా, మథురాకాటీ వంటి పేటలలో తెలుగు వినబడడం మొదలైన తీరు ఇది.

ఇదే కాలంలో అరేబియా సముద్రానికి ఆవల మరొక పట్టాల దారి సాగుతూ ఉన్నది. 1896లో మొంబాసా రేవు వద్ద మొదలైన ఉగాండా రైల్వే 1901 డిసెంబరులో విక్టోరియా సరస్సు ఒడ్డుకు చేరినది. సుమారు 580 మైళ్ళ ఈ మార్గంలో, తీరం నుండి 330 మైళ్ళు పోయిన తరువాత, ఒక చిత్తడి మైదానం తగిలినది. మసాయి జనులు తమ పశువులకు నీరు త్రాగించుకొనే తావు అది. వారి భాషలో చల్లని నీటి చోటు అనే అర్థమిచ్చే మాట నుండి నైరోబీ అన్న పేరు వచ్చినది. ఆ చోటు దాటగానే కికుయూ ఎత్తులు, ఆ వెనుక రిఫ్ట్ లోయలోనికి దిగే నిలువు వాలు. కొండ ఎక్కకముందు సామగ్రి నిలువ చేసికొనడానికి, యంజిన్లు మార్చుకొనడానికి, చదునైన చివరి నేల అదే. 1899 మే నెలలో పట్టాలు అక్కడికి చేరినవి. మొంబాసాలోని రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడికే తరలినది. సామాను దింపిన చోటే నగరమైనది.

ఆ పట్టాలు వేసినవారెవరు? లెక్కలు స్పష్టంగా ఉన్నవి. భారతదేశం నుండి తీసికొనిపోయిన కూలీలు 31,983 మంది. వారిలో అధికులు పంజాబీలు. మూడేండ్ల ఒప్పందం మీద కరాచీ రేవులో ఓడ ఎక్కినవారు. వారిని కూర్చి పంపిన గుత్తేదారులలో ముఖ్యుడు కరాచీ వర్తకుడు ఎ. ఎం. జీవన్‌జీ. నైరోబీ నడిబొడ్డున ఆయన పేరిట ఉద్యానవనం నేటికీ ఉన్నది. మన తీరపు కూలీలు ఆ ఓడలలో లేరనే చెప్పవలెను. వారి దారులు వేరు. కోరంగి నుండి, విశాఖ నుండి రంగూనుకు, మారిషస్‌కు, మద్రాసు నుండి నాటాలుకు పోయినారు. రైలు వచ్చిన తరువాత ఖరగ్‌పూరుకు పోయినారు. దారులు వేరైనను బయలుదేరిన కారణం ఒకటే కనుక, నైరోబీలోని పంజాబీ కూలీ కథ చదివేటప్పుడు తెలుగువానికి అది పరాయి కథగా ఉండదు.

ఆ 31,983 మందిలో 2,493 మంది ఆ పనిలో మరణించినారు. మైలుకు నలుగురికి పైగా అన్న మాట. జ్వరాలు, రక్తవిరేచనాలు, ప్రమాదాలు ఇందుకు ముఖ్య కారణాలు. లోకం మాత్రం సింహాలనే జ్ఞాపకం పెట్టుకొన్నది. 1898లో సావో నది వంతెన పని జరిగేటప్పుడు రెండు సింహాలు రాత్రివేళ గుడారాలలో నుండి కూలీలను లాగుకొనిపోయినవి. భయపడి కూలీలు పని మానుకొన్నారు. ఆ డిసెంబరులో ఇంజనీరు పాటర్సన్ సింహాలను చంపినాడు. 1907లో దానిపై పుస్తకం వ్రాసినాడు. ఆ సింహాల చర్మాలు నేడు చికాగో మ్యూజియంలో గడ్డి కూరిన బొమ్మలై నిలిచి ఉన్నవి. నైరోబీ మ్యూజియంలో ఒక పాత పెట్టె ఉన్నది. 1900లో కీమా స్టేషను వద్ద రైల్ అనే పోలీసు అధికారిని సింహం ఈడ్చుకొనిపోయినది ఆ పెట్టెలో నుండియే. చూడవచ్చినవారు దాని చుట్టూ గుమికూడుతారు. నేనూ చూచినాను. సింహం నోట బడిన అధికారికి పేరున్నది, పెట్టెకు సంఖ్య ఉన్నది, సింహాలకు కీర్తి ఉన్నది. జ్వరంతో పోయిన కూలీకి మాత్రం మొత్తపు లెక్కలో ఒక అంకె మిగిలినది.

ఇంతవరకు చెప్పి ఊరుకొంటే సగం సత్యమే చెప్పినవాడను అవుతాను. కష్టజీవి అయిన కూలీ వేసిన పట్టా కూడ మరొకని నేల మీదనే పడినది. రైలు మార్గం స్థిరపడగానే, 1904 నాటి ఒడంబడికతో మసాయిలను రిఫ్ట్ లోయలో మార్గానికి చేరువగా ఉన్న పచ్చిక బయళ్ళ నుండి తరలించినారు. పట్టాలను, తంతులను ఎదిరించి ఏండ్ల తరబడి పోరాడిన నాండీల నాయకుడు కోయితాలెల్ అరప్ సమోయీ 1905లో, సంధి మాటలకని పిలిచిన చోట, కాల్చి చంపబడినాడు. మేదినీపురపు ఎర్రనేల కూడ ఖాళీ నేల కాదు. సంతాలులు, లోధాలు అక్కడ మనకంటె ముందునుండి ఉన్నవారు. మేము చిన్నతనంలో, రైలు రాకముందు ఇక్కడ అడవి తప్ప ఏమీ లేదని వినేవాళ్ళం. నైరోబీలో కూడ, రైలు రాకముందు చిత్తడి తప్ప ఏమీ లేదని పాత పుస్తకాలు వ్రాసినవి. ఏమీ లేదు అన్న ఆ రెండు మాటల క్రింద ఎందరు మనుష్యులు ఉన్నారో చరిత్రకారుడు వెదకవలెను.

రైలు కన్న ఊరికి ఒక ముఖకవళిక ఉంటుంది. ఎత్తైన చోట దొరల బంగళాలు. వాటికి దూరంగా గుమాస్తాల ఇండ్లు. పట్టాలకు దగ్గరగా, పొగ పడే దిక్కున, కూలీల వరుసలు. ఖరగ్‌పూరులో ఏ వీధిలో ఉన్నావో చెబితే నీ తండ్రి జీతమెంతో చెప్పగలిగేవారు. నైరోబీలోనూ కొండ మీద రైల్వే అధికారులు, దిగువన భారతీయుల బజారు, అంతకు దిగువన ఆఫ్రికన్ కూలీల వరుసలు. 1902లో మహమ్మారి సోకినప్పుడు ఆ బజారును తగులబెట్టి రోగాన్ని అదుపు చేసినారు. అక్కడ ఈ మెట్లకు వర్ణభేదం కూడ తోడైనది. ఆ మెట్లలో భారతీయుడు నడిమి మెట్టు మీద ఉన్నాడు. పైవానిని చూచి బాధపడినాడు, క్రిందివానిని చూడడం చాలమారులు మరచినాడు.

మరువనివారూ ఉన్నారు. ఇక్కడ 1927 అనే సంవత్సరం రెండు ఊళ్ళను మరల కలుపుతుంది. ఆ ఏడు బి.ఎన్.ఆర్. కార్మికులు సమ్మె చేసినారు. ఖరగ్‌పూరు కార్ఖానాలో వందలకొలది ఉద్యోగులను తొలగించినందుకు ప్రతిఘటన చెలరేగినది. ఆ కార్మికులకు నాయకత్వం వహించినవారిలో ప్రముఖుడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు, వరాహగిరి వేంకటగిరి. ఐర్లండులో చదువుకొంటూ అక్కడి స్వాతంత్ర్య ఉద్యమంతో సంబంధం పెట్టుకొన్నందుకు ఆ దేశం విడువవలసి వచ్చినవాడు. 1969లో ఆయన భారత రాష్ట్రపతి అయినాడు. రాష్ట్రపతి భవనానికి ఆయన పోయిన దారిలో ఖరగ్‌పూరు కార్ఖానా ద్వారం ఒక మజిలీ అని మా పెద్దలు గర్వంగా చెప్పుకొనేవారు.

అదే 1927లో మఖన్ సింగ్ అనే పదమూడేండ్ల పంజాబీ బాలుడు తల్లితో కలిసి నైరోబీలో దిగినాడు. తండ్రి అంతకు ముందే రైల్వేలో పనివాడుగా వచ్చి ఉన్నాడు. ఆ బాలుడు పెరిగి, తండ్రి పెట్టిన ముద్రణశాలలో పనిచేస్తూ, పంజాబీలో కవిత్వం వ్రాస్తూ, 1935లో కార్మిక సంఘానికి కార్యదర్శి అయినాడు. అంతవరకు జాతులవారీగా విడివిడిగా ఉన్న కూలీలను ఒక్క సంఘంలో చేర్చవలెనని పట్టుబట్టినాడు. 1950 ఏప్రిల్ 23న నైరోబీలోని కలోలేనీ సభాభవనంలో తూర్పు ఆఫ్రికా దేశాలకు సంపూర్ణ స్వాతంత్ర్యం కావలెనని తీర్మానం ప్రతిపాదించినాడు. నెలైనా గడవక మునుపే అతనిని నిర్బంధించినారు. 1961 అక్టోబరు దాకా, పదకొండేండ్లకు పైగా, ఎడారి సీమలలో ఉంచినారు. దేశం 1963 డిసెంబరు 12న స్వతంత్రమైనప్పుడు అతనికి ఏ పదవీ రాలేదు. అతడు కూర్చుండి 1952 వరకు సాగిన కెన్యా కార్మికోద్యమ చరిత్ర వ్రాసినాడు. 1969లో అది అచ్చయినది. గిరిగారు రాష్ట్రపతి అయిన సంవత్సరమే అది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సాధించినారని నేను తూచబోను. కాని కూలీల సంగతి కూలీల మధ్య బ్రతికినవాడే వ్రాసి పెట్టినందువలన, నైరోబీకి వచ్చిన మేలు మాత్రం గొప్పది.

భాష సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. స్టేషను వద్ద ఒక వృద్ధుని మాటలలో “గారి లా మోషి” అన్న పదం నా చెవిని బడినది. స్వాహిలీలో గారి అంటే బండి. మన దేశపు గాడీయే సముద్రం దాటి అట్లు అయినది. మోషి అంటే పొగ. పొగ బండి! మన అవ్వలు పొగబండి అన్నారు. ఆ అవ్వలూ అదే అన్నారు. ఒకరిని చూచి ఒకరు పెట్టిన పేరు కాదిది. ఇనుప యంత్రాన్ని మొదటిసారి చూచిన పల్లె కన్ను రెండు ఖండాలలో ఒక్క తీరుగా చూచినది. 1920 దాకా ఆ దేశంలో చెల్లినది కూడ రూపాయియే. పైసా అన్న మాట అక్కడ పెసా అయి, డబ్బు అనే అర్థంతో నేటికీ నిలిచి ఉన్నది. కూలీ పోయినా అతని మాట పోలేదు.

తరువాత కవలల అదృష్టాలు వేరైనవి. 1905లో మొంబాసా నుండి రాజధాని నైరోబీకి వచ్చినది. ఖరగ్‌పూరు జంక్షనుగానే ఉండిపోయినది. హిజ్లీలో రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరం వెలసినది. 1931 సెప్టెంబరు 16న అక్కడ పోలీసులు ఇద్దరిని కాల్చి చంపినారు. ఆ కట్టడంలోనే 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. మొదలైనది. 1,072 మీటర్ల మా ప్లాట్‌ఫారం ఒకప్పుడు లోకంలోకెల్ల పొడవైనది. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్ళి ఆ కీర్తిని తీసికొన్నవి. 2003లో వాల్తేరు డివిజను వేరొక రైల్వేలోనికి పోయినది. మా తాతగారిని తెచ్చిన పరిపాలనా సూత్రం వందేండ్లకు తెగినది. నైరోబీలోనూ పాత మీటరు పట్టా వెనుకబడినది. చీనావారు వేసిన కొత్త మార్గం మీద 2017 నుండి మొంబాసా బండ్లు నడుస్తున్నవి.

ఆ 2017లోనే కెన్యా ప్రభుత్వం తన దేశంలోని ఆసియా సంతతివారిని 44వ తెగగా గుర్తించినది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాషా ప్రతిపత్తి ఇవ్వడానికి ఆమోదించినది. అందుకు ప్రధాన కారణం ఖరగ్‌పూరు తెలుగువారే. పట్టాలు పడిన నూరేండ్లకు పైబడి వచ్చిన రెండు గుర్తింపులివి. సంతోషింపవలసినవే. అయితే ప్రభుత్వం గుర్తించడం వేరు, సాహిత్యం గుర్తుంచుకొనడం వేరు. మొదటిది ఒక ఉత్తర్వుతో అవుతుంది. రెండవది కూర్చుండి వ్రాస్తేనే అవుతుంది.

నైరోబీవారు వ్రాసినారు. అక్కడ పుట్టిన ఎం. జి. వసాంజీ, రైలు పనికి వచ్చిన పంజాబీ తాత గల కుటుంబాన్ని తీసికొని 2003లో నవల వ్రాసినాడు. గూగీ వా థియోంగో 1967 నాటి నవలలో ఆదివారాలు రైలు వచ్చే వేళకు పడుచువారు ప్లాట్‌ఫారం మీద గుమికూడే దృశ్యాన్ని చిత్రించినాడు. అది చదివి నేను ఆగిపోయినాను. మేము కూడ మద్రాసు మెయిలు వచ్చే వేళకు స్టేషనుకు పోయేవాళ్ళం. ఎవరినీ ఎదుర్కొనడానికి కాదు. ఊరగాయ జాడీలతో దిగేవారి తెలుగు వినడానికి. గూగీ ఆ తరువాత ఇంగ్లీషు మాని, విచారణ లేని నిర్బంధంలో ఉండగా, 1978లో పాయిఖానా కాగితం మీద తన గికూయూ భాషలో నవల వ్రాసినాడు. 2025లో మరణించే దాకా మాతృభాష పక్షం విడువలేదు. తన వీధి కథను తన భాషలో చెప్పడానికి ఒక రచయిత ఎంత మూల్యం చెల్లించినాడో తెలిసికొనడానికి, ఆ నగరం చూచినవానికి వేరే పాఠం అక్కరలేదు.

మన రచయితలు విదేశ యాత్రలు చేస్తారు, యాత్రా చరిత్రలు వ్రాస్తారు. మంచిదే. కాని ఒక్కసారి మెయిలు దిగి ఖరగ్‌పూరులో కూడ ఆగవలెనని నా ప్రార్థన. నాలుగు తరాలుగా శ్రీకాకుళపు యాసను బంగ్లా, హిందీ, ఒడియాల నడుమ కాపాడుకొన్న అవ్వలు అక్కడ ఇంకా ఉన్నారు. ఏ మేస్త్రీ వెంట ఎవరు వచ్చినారో, సమ్మెనాడు పొయ్యి ఎట్లు వెలిగినదో, కార్ఖానాలో చేయి పోయినవానికి ఏమి ఇచ్చినారో వారు చెప్పగలరు. రైల్వే దస్తరాలలో పట్టాల తూనిక ఉన్నది, వంతెనల కొలత ఉన్నది. ఈ సంగతులు అక్కడ దొరకవు. అవ్వలతోనే ఇవి పోతవి.

నైరోబీ నుండి తిరిగి వచ్చిన తరువాత మా ఇంటి గోడ మీది పటాన్ని దింపి, పేటలోని వృద్ధురాలు ఒకామె వద్దకు తీసికొనిపోయినాను. కళ్ళద్దాలు సవరించుకొని చాలసేపు చూచి, మా తాతగారి ప్రక్కన ఉన్న మనిషి మీద వ్రేలు పెట్టి, “ఈడు మా పెదనాన్న గదా, బాబూ!” అన్నది. ఆ పేరు నేను పటం వెనుక వ్రాసినాను. ఇంకను పదకొండుగురు ఉన్నారు.